మట్టిపూవులు, మట్టిసేనలు: కుమ్మరవృత్తి చరిత్రయు నేటి సంస్థాపన శిల్పమును



నేడు మహానగరముల చిత్రశాలలయందు ఇన్‌స్టలేషన్ అను నొక విధమగు శిల్పము ప్రబలుచున్నది. దానిని తెలుగున సంస్థాపన శిల్పమని చెప్పుకొందము. ఒక్క ప్రతిమను పీఠముమీద నిలుపుట గాక, ఒక గదినో, ఒక తోటనో, ఒక కోట కందకమునో పలు వస్తువులతో నింపి, చూడవచ్చినవాడు వానినడుమ నడచుచు ననుభవించునట్లు చేయుట దీని లక్షణము. మట్టియు, లోహమును, నూలును, త్రాడును, కఱ్ఱయు నొక్కచో గూడినయెడల దానిని మిశ్రమ మాధ్యమ మందురు. ఇట్టి పనికి బూనుకొను యువకులు ప్రేరణకై మొట్టమొదట వెదకునది కుండను, పెంకును, కాల్చిన బొమ్మను. మన బిడ్డలలో చిత్రకళాశాలలకు బోయి చదువుకొనుచున్నవారును ఇదే మార్గము త్రొక్కుచున్నారు. అయినను “ఇది ధనవంతుల వినోదము, సారె త్రిప్పువానికి దీనితో నేమి పని” యని యడుగు పెద్దలు మన సంఘముననే కలరు. వారి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానికి చరిత్రనుండి సమాధానము చెప్పవలయును.

ముందుగా ఇంటిలోనికి జూతము. మన తీరాంధ్రమున సంక్రాంతికి దీర్చు బొమ్మలకొలువు సంస్థాపన శిల్పము గాక మఱేమి? మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి, వానిపై తెల్లని వస్త్రము పఱచి, మట్టిబొమ్మలను, కఱ్ఱబొమ్మలను నిలిపి, క్రింద నిసుక పోసి, అద్దపుముక్కను చెఱువుగా నమర్చి, ఆవాలు చల్లి మొలిపించి చేనుగా జూపెడి యా గృహిణికి మిశ్రమ మాధ్యమమను పేరు తెలియదు గాని పని తెలియును. పెండ్లియందలి ఐరేని కుండల మాట యట్లే. కుమ్మరియింటికి మేళతాళములతో వెళ్లి, సున్నముతో దెల్లజేసి రంగుగీతలు దిద్దిన కుండలను తెచ్చి, ఒకదానిపై నొకటి దొంతిగా బెట్టి, పసుపుదారము చుట్టి పూజించినగాని వివాహమునకు నిండు రాదు. గ్రామదేవతల జాతరలలో తలపై నెత్తుకొని యాడెడు గరగ ఘటరూపమే. వీని నెవ్వరును కళాప్రదర్శన మనలేదు. పండుగ యనిరి, ఆచార మనిరి. చేసినవాని పేరడుగు వాడుక మాత్రము వీనియం దెన్నడును లేదు. ఈ మాటను మనసున నుంచుకొనుడు. దీనికే మరల వచ్చెదను.

శాలివాహనుని కథ మనలో నెఱుగనివారు లేరు. ప్రతిష్ఠానపురమున కుమ్మరియింట బెరిగిన బాలుడు ఆటకై మట్టితో నేనుగులను, గుఱ్ఱములను, కాల్బంటులను జేసి యుంచెననియు, విక్రమార్కుడు దండెత్తి వచ్చినపుడా మట్టిసేనయే ప్రాణము దాల్చి లేచి పోరెననియు విక్రమార్క కథలు చెప్పుచున్నవి. మన సంఘములు శాలివాహన నామము దాల్చుట కిదియే మూలము. ఇది చరిత్ర యని నేను వాదింపను. క్రీస్తుశకము 78తో మొదలగు శకమునకు శాలివాహనుని పేరు చేరుట మధ్యయుగపు మాట యనియు, ఆ పేరు శాతవాహన శబ్దమునుండి పుట్టినదనియు చరిత్రకారుల నిర్ణయము. పాండిత్యమున కెదురు నిలిచి కులగౌరవము నిలుపుకొన నక్కఱలేదు. కాని కథలోని యూహను జూడుడు. వందలకొలది మట్టిరూపములను వరుసలుగా నిలిపినపుడు చూపఱకు గలుగు భయమును, ఇవి యిప్పుడే కదలునేమో యను భ్రమను ఆ కథకుడెఱుగును. మట్టిపనివాని యంగణము నెన్నడును జూడనివాడు ఇట్టి కథ గట్టలేడు.

ఈ యూహ చీనాదేశమున నిజమై కానవచ్చినది. 1974లో షియాన్ నగర సమీపమున రైతులు బావి త్రవ్వుచుండగా, క్రీస్తుపూర్వము 210లో మరణించిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపుగా బాతిన మట్టిసేన బయల్పడెను. మనుష్యప్రమాణము గల యా బంటులు సుమారు 8,000 ఉందురని యంచనా. వారి చేత కంచు ఆయుధములు. మేనిమీద లక్కపూతపై దిద్దిన రంగులు. భూమినుండి వెలికి దీయగానే గాలి సోకి యా పూత పెచ్చులుగా రాలిపోయినది. మట్టి, లోహము, లక్క, వర్ణము కలిసిన యింతటి కూర్పు ప్రాచీనలోకమున మఱియొకటి లేదనవచ్చును. అయితే మనకు ముఖ్యమైన దింకొకటి. పలు విగ్రహములపై వానిని జేసిన పనివారల పేర్లు ముద్రవేయబడియు, గీయబడియు నున్నవి. అది వారిని గౌరవించుటకు గాదు, పని చెడినచో పట్టి శిక్షించుటకు. ఉద్దేశ మేదైన నేమి, రెండువేల రెండువందల యేండ్ల తరువాత నా మట్టిపనివారు పేరుతో నిలిచియున్నారు.

ఇక మట్టిపూవుల మాట. తిరుమల క్షేత్రమాహాత్మ్యమున భీముడను కుమ్మరి గలడు. కుర్వనంబి యనియు నాతనినే యందురు. వృత్తినుండి తీరిక లేక, సారెయొద్దనే కూర్చుండి, చేతికంటిన మట్టితో పూవులు చేసి, తాను కొలుచు మూర్తి కర్పించెడివాడట. తొండమానుచక్రవర్తి బంగారుపూవులతో నర్చించి మఱునాడు చూడగా స్వామి పాదములయొద్ద మట్టిపూవు లుండెను. రాజు వెదకుకొనుచు కుమ్మరియింటికి వచ్చెను. నేటికిని తిరుమలలో క్రొత్త మట్టికుండ ఓటిలో దధ్యోదనము నివేదించు నాచారమును పెద్దలు ఈ కథతో ముడిపెట్టుదురు. ఈ కథను మనవారు భక్తికి దృష్టాంతముగా జెప్పుదురు. నాకు మాత్రము ఇందు మఱియొక సంగతి తోచును: భీముడు పని మాని పూజ చేయలేదు, పని లోపలనే పూజ చేసెను.

2014లో లండను నగరమున మట్టిపూవులు మరల లోకమును నిలిపి చూచునట్లు చేసినవి. ప్రథమ ప్రపంచసంగ్రామమారంభమై నూఱేండ్లయిన సందర్భమున పాల్ కమిన్స్ అను మృణ్మయ శిల్పి, టామ్ పైపర్ అను రంగస్థల శిల్పితో గూడి, టవర్ ఆఫ్ లండన్ కోట కందకమునిండ కాల్చిన మట్టితో జేసిన యెఱ్ఱని గసగసాలపూవులను లోహపుకాడలపై నాటించెను. పూవుల సంఖ్య 8,88,246. మృతులైన బ్రిటిషు, వలసరాజ్య సైనికులలో నొక్కొక్కనికి నొక్కొక్క పూవు. నవంబరు 11వ తేదీకి నాటుట ముగిసినది; ఆ పూవులను విక్రయించి సొమ్ము ధర్మసంస్థల కిచ్చిరి. ఒక్క పూవు చూచిన నది బొమ్మ. ఎనిమిదిలక్షల పైచిలుకు పూవులు గోడమీదనుండి రక్తధారవలె జారి కందకమును నింపగా జూచినవారికి యుద్ధమననేమో తెలిసినది. సంస్థాపన శిల్పమునకు సంఖ్యయే ప్రాణమని దీనివలన గ్రహింపవచ్చును. ఆవమున నొక్కమారు వందల కుండలు వరుసగా బేర్చువానికి ఈ రహస్యము క్రొత్త గాదు.

మన వృత్తికి శాస్త్రములలోను శాసనములలోను గల స్థానమును గూర్చి విస్తరించి వ్రాయుట కిది చోటు గాదు. జైనుల ఉవాసగదసావో గ్రంథమున పోలాసపురవాసి సద్దాలపుత్రు డను కుమ్మరికి నగరము వెలుపల 500 కుండల యంగళ్లు గలవని యున్నది. ఆభీర రాజగు ఈశ్వరసేనుని నాసిక శాసనమున, రోగులగు భిక్షువుల మందులకై యొసగిన ధనమును వడ్డీకి నిలుపుకొన్న శ్రేణులలో నొకటి కులరిక శ్రేణి. ఆ శబ్దమునకు కుమ్మరులని పండితులు వ్యాఖ్యానించిరి. అనగా రాజు తన ధర్మనిధిని నమ్మి యప్పగింపదగిన పరువు మన వృత్తిసంఘములకు నాడుండెను. సంగారెడ్డి జిల్లా కొండాపురమున 1940వ దశాబ్ది యారంభమున హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖవారు త్రవ్వించగా శాతవాహనకాలపు బొమ్మలు దొరకినవి. తెల్లని సుద్దమట్టితో, ముందుభాగమున కొక యచ్చు, వెనుకభాగమున కొక యచ్చు వైచి, రెంటిని కలిపి లోన బోలుగా జేసిన యా బొమ్మల ముఖముల సొగసును, జుట్టుముడుల వైవిధ్యమును జూచిన నేటి శిల్పులును విస్మయపడుదురు. తిక్కన సోమయాజికి వ్రాయసకాడుగా నుండెనని చెప్పబడు గురునాథుని, రామాయణకర్త్రి యగు మొల్లను మనవారిగా పరంపర చెప్పుచున్నది. ప్రతి సంచికలోను వారినిగూర్చి వ్యాసము లుండుట వాడుక గాన నిక్కడ నంతటితో విడిచెదను.

స్వాతంత్ర్యానంతరము మన దేశమున మట్టి మరల చిత్రశాలలలోనికి బ్రవేశించిన తీరు తెలిసికొనదగినది. కె.జి. సుబ్రహ్మణ్యన్ 1963లో లక్నోలోని రవీంద్రాలయము గోడపై టాగూరు నాటకము నాధారము చేసికొని కాల్చిన మట్టిపలకలతో పెద్ద కుడ్యశిల్పమును నిర్మించెను. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అను నమెరికనులు పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జి కుండలశాలను స్థాపించి యెందఱికో విద్య గఱపిరి. మీకరు, మట్టియిటికలతో నిల్లు గట్టి యా యింటినే యావముగా మార్చి లోన మంట వేసి కాల్చెడి ప్రయోగములు చేసెను. మన తెలుగునాట హైదరాబాదున జన్మించి బరోడాలో శిక్షణ పొందిన పి.ఆర్. దరోజు పింగాణిమట్టితో నిలువెత్తు ద్వారములను, గోడలను గూర్చి పేరు గాంచెను. 2018లో జైపూరు జవహర్ కళాకేంద్రమున భారతీయ మృణ్మయకళకు తొలి త్రైవార్షిక ప్రదర్శనము జరిగినది. అందు కుండలకంటె సంస్థాపన శిల్పములే యెక్కువ.

ఇన్నింటిలో సారెమీద బుట్టి పెరిగిన కుటుంబములవా రెందఱు? చెప్పదగినంతమంది లేరు. ఇచ్చటనే పెద్దల ప్రశ్నకు బలము చేకూరుచున్నది. 2010లో లండను టేట్ మోడరన్ శాలలో ఐ వెయ్‌వెయ్ అను చీనాశిల్పి పది కోట్ల పింగాణి ప్రొద్దుతిరుగుడు గింజలను నేలపై బరపించెను. బరువు 150 టన్నులు. ఒక్కొక్క గింజ జింగ్‌దెజెన్ పట్టణమున చేతితో జేసి చేతితో రంగువేసినది. పని చేసినవారు 1,600 మందికి పైబడినవారు. మొదట జనులు వానిపై నడచుచుండిరి. కొలదిదినములలోనే పింగాణిదుమ్ము ఊపిరికి హాని యని నడక నిషేధించిరి. ఆ గింజలపై కొన్నినాళ్లు నడచినవారి యారోగ్యమునుగూర్చి పత్రికలు వ్రాసెను. ఏండ్లతరబడి యా మట్టినడుమ జీవించువారి యూపిరినిగూర్చి యంత చర్చ జరిగినట్లు తోపదు. శిల్పి పేరు లోకమంత వ్యాపించెను. పదునాఱువందల పేర్లు జింగ్‌దెజెన్‌లోనే నిలిచిపోయెను. ఆ శిల్పి ధైర్యవంతుడు, తన ప్రభుత్వము నెదిరించినవాడు, పనివారికి కూలి యిచ్చినవాడు. ఆయనను నిందించుట నా యుద్దేశము గాదు. పద్ధతిని జూపుచున్నాను.

మఱియొక పద్ధతియు గలదు. ఆంటొనీ గోర్మ్లీ అను నాంగ్లశిల్పి 2003లో గ్వాంగ్‌డాంగు మండలములోని యొక గ్రామమునకు బోయి, ముదుసలులు మొదలు పిల్లలవఱకు మూడువందలమందికి బైగా గ్రామస్థులచేత చేరెడు మట్టితో కన్నులు మాత్రము పొడిచిన చిన్నరూపములను సుమారు రెండులక్షలు చేయించెను. వానిని నేలనిండ నిలిపి, చూపఱవైపు మొగముండునట్లు చేసెను. ప్రదర్శనమున నా రూపములతో పాటు, చేసినవారి ఛాయాచిత్రములును, వారు చేసిన బొమ్మ చిత్రమును ప్రక్కప్రక్కన నుంచిరి. కీర్తిలో నధికభాగము ఇచ్చటను శిల్పిదే. అయినను చేసినవాని ముఖము జనులు చూచిరి.

ఇప్పుడు మన రావులపాలెమునకు వత్తము. గౌతమీతీరమున, చెన్నపురి కలకత్తాల నడుమ సాగు జాతీయరహదారిపై, జొన్నాడవారధి దాటినంతనే యుండు ఈ పట్టణమును కోనసీమకు ముఖద్వార మందురు. అరటిగెలల సంతకు బేరుపొందినది. 2022 నుండి కోనసీమ జిల్లాలోనిది. సమీపమందలి ఆత్రేయపురము పూతరేకులకు నిలయము. ఆ పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషము. ఆ రేకు దేనిమీద బుట్టుచున్నది? బోర్లించిన మట్టికుండమీద. ప్రక్కన రంధ్రముగల యా కుండను పొయ్యిమీద బోర్లించి, రంధ్రమునుండి యెండుటాకులు లోనికెగదోసి మంటపెట్టి, బియ్యపుపిండి నీటిలో ముంచిన పలుచని గుడ్డను కుండవీపున బఱచి తీసినచో కాగితముకంటె పలుచనగు రేకు లేచి వచ్చును. కుండవీపు అద్దమువలె నునుపు గావలయును, మందము అంతట నొక్కటిగా నుండవలయును. ఎక్కడ మందము హెచ్చినదో అక్కడ వేడి తగ్గి రేకు చిరుగును. బెల్లము, నెయ్యి, బియ్యము, రేకు తీయు స్త్రీల చేతినేర్పు అన్నియు వర్ణింపబడుచున్నవి. కుండ చేసిన చేయి యెవరిదో యడిగినవారిని నేనెఱుగను.

ఈ యజ్ఞాతవాసము మన కొక్కరికే గాదు. నరసాపురపు లేసు అల్లిక ప్రపంచపు టంగళ్లకెక్కినది. దాని నల్లిన స్త్రీలను లోకము పనివారనియే తలంపక, తీరిక వేళల నల్లుకొను గృహిణులని లెక్కించి తక్కువ కూలి యిచ్చిన విధమును మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో గ్రంథముగా బ్రకటించినది. కోనసీమ కొబ్బరిపీచు త్రాళ్లు, బండారులంక నేత, తణుకు సమీపమందలి అజ్జరపు టిత్తడి, అన్నియు నొక్క పగటి ప్రయాణములో నందుబాటున నున్నవి. మిశ్రమ మాధ్యమమునకు గావలసిన సామగ్రిని మన మెక్కడికో పోయి వెదకనక్కఱలేదు.

నా సూచన యిది. మన యువశిల్పులును మన సారెపెద్దలును గలిసి, పూతరేకుల కుండనే మూలరూపముగా గైకొని యొక సంస్థాపన శిల్పము చేయవలయును. బోర్లించిన కుండలు వందలకొలది, పెద్దవియు చిన్నవియు, గోదావరి లంకలవలె నేలపై బరపి, వానినడుమ కొబ్బరిత్రాళ్లు కాలువలుగా సాగదీసి, కొన్ని కుండల వీపుపై రేకునకు మాఱుగా లేసు గుడ్డను బఱచి, లోనుండి దీపము వెలిగించినచో రంధ్రముల వెలుగు అల్లికనుండి బయటబడును. ఇది నా యూహ మాత్రమే. చేయువారు మార్చుకొందురు, మార్చుకొనవలయును గూడ.

పనిలోని చిక్కులు కొన్ని ముందే చెప్పుట మేలు. చిత్రకళాశాలలలో వీనిని తఱచు మఱతురు. మట్టి ఆఱునప్పుడును కాలునప్పుడును కుదియును. కావున త్రాడు దూర్చు రంధ్రమును కావలసినదానికంటె పెద్దదిగా దొలువవలయును. అదియు పచ్చిమట్టిలో గాదు, తోలువలె గట్టిపడిన దశలో. లోహమును మట్టిలో గూర్చి యావమున బెట్టరాదు. వేడికి లోహము సాగుట వేఱు, మట్టి సాగుట వేఱు, బీట తప్పదు. ఇత్తడికాడ నిలుపదలచినచో కాల్చినపిమ్మట గొట్టములో పీచు కూరి బిగింపవలయును. మన బహిరంగపు టావముల వేడి సాధారణముగా ఏడెనిమిదివందల సెంటిగ్రేడు డిగ్రీలకు మించదు. పింగాణికి పండ్రెండువందలు దాటవలయును. అందుచేత మన కుండ నీటిని బీల్చును. త్రాగునీటిని చల్లబఱచు సుగుణమే బయటనుంచిన శిల్పమునకు దోషమగును. వానలకు నాచు పట్టును, ఉప్పునేలయైనచో తెల్లనిపొడి పైకుబికి పెచ్చులూడును. మంచుదేశములలోవలె నీరు గడ్డకట్టి పగులు భయము మనకు లేదు. కప్పుక్రింద నుంచినచో, నేలనుండి తేమ యెక్కకుండ నిసుకపొర వేసినచో, ఏండ్లకొలది నిలుచును.

కూలివిషయమున ముందే వ్రాతపూర్వకమగు నొడంబడిక యుండవలయును. శిల్పము రూపొందించినవానికి నెంత, సారె త్రిప్పినవానికి నెంత, చెక్కయు రాయియు బట్టి తట్టినవారికి నెంత, మట్టి మెదిపిన యిల్లాండ్ర కెంత యని వేఱువేఱుగా నుండవలయును. మన యిండ్లలో మట్టి మెదుపుట, పూత పూయుట, ఆవము పేర్చుట యనునవి స్త్రీలు చేయుచున్నను, లెక్కలో వారి పేరుండదు. నరసాపురపు కథ మన యింటిలోను జరుగుచున్నదని యొప్పుకొనక తప్పదు. శిల్పము విక్రయమైనచో నందు వచ్చు లాభములో భాగము కూలికి వేఱుగా నుండవలయును.

ఇక ముద్ర. ప్రతి కుండకును చేసినవారి పేరును, గ్రామమును పడునట్లు చిన్న కఱ్ఱయచ్చులు చెక్కించవలయును. అక్షరములు తలక్రిందుగా గాక, అద్దములోవలె నెడమకుడి తాఱుమాఱుగా చెక్కవలయును. లోతు బియ్యపుగింజ మందమున కెక్కువైనచో అడుగు పగులును. కుండను తట్టి నునుపు చేసినపిమ్మట, నీడలో నొక పూట ఆఱనిచ్చి, అంచు వ్రేలికి అంటని సమయమున నదుమవలయును. సాధారణముగా పేరు అడుగున వేయుట వాడుక. పూతరేకుల కుండ బోర్లించునది గనుక అడుగే పైకి వచ్చును; పేరు చూపఱ కెదుట పడును.